పాటలు రాయాలనుకునే పిల్లలకు రెండు లైన్ల జవాబు సరిపోదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ యువత పేజీలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు, తనకు పాటలు రాయడమంటే ప్రాణమని, ఇంట్లో నోట్‌బుక్కులు నిండిపోయాయని, సినిమా పాటల రచయిత కావాలంటే ఏం చేయాలో చెప్పమని అడిగాడు. దానికి మీవాళ్ళు ఇచ్చిన జవాబు రెండంటే రెండు లైన్లు. ప్రయత్నం మానొద్దు, ప్రతిభ ఉంటే గుర్తింపు దానంతట అదే వస్తుంది, అంతే. అది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రతిభ ఉన్న ప్రతివాడికీ గుర్తింపు దానంతట అదే వచ్చేట్టయితే ఈపాటికి సినిమా చాన్సుల కోసం వచ్చినవాళ్ళుండే కృష్ణానగర్‌లో సగం గదులకు టూలెట్ బోర్డులు వేలాడేవి. ఆ కుర్రాడికీ అతనిలాంటివాళ్ళకీ నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, కానీ అగ్రిమెంట్ల గురించి రాసినదాన్ని మాత్రం దయచేసి ఉంచండి.

నేనేమీ పేరు చెప్పగానే గుర్తుపట్టే రచయితను కాదు. యూసుఫ్‌గూడలో ఉంటాను, పాటలు రాసే బతుకుతాను. బట్టల షాపు ప్రకటనలు, మాల వేసుకునే సీజన్‌లో అయ్యప్ప పాటలు, దసరా ముందు బతుకమ్మ పాటలు, సీరియల్ టైటిల్ సాంగులు, అప్పుడప్పుడు చిన్న సినిమాల్లో ఒకటో రెండో. ఇల్లు గడుస్తుంది. ఇలా గడుపుకొస్తున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు, వాళ్ళ ఇంటర్వ్యూలు ఎవరూ వేయరు కాబట్టి పిల్లలకు తెలియదు. పిల్లలకు కనబడేది 2023 మార్చిలో చంద్రబోస్ గారి చేతిలో ఆస్కార్, 2025లో కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు. ఇద్దరూ ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి ఊళ్ళల్లో కుర్రాళ్ళకు మనమూ రాయొచ్చు అనే ధైర్యం వచ్చింది, మంచిదే. కానీ వాళ్ళు అక్కడిదాకా ఎలా వెళ్ళారో ఎవరూ చెప్పరు.

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ నోట్‌బుక్ ఎవరూ అడగరు. బాధపడకు, నా నోట్‌బుక్ కూడా ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ పనిలో ఎక్కువసార్లు ట్యూన్ ముందొస్తుంది, మాట తర్వాత. రాత్రి పదకొండింటికి మ్యూజిక్ డైరెక్టర్ అసిస్టెంట్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఆడియో వస్తుంది. అందులో ఎవరో తానన తానన అనో, అర్థం లేని ఇంగ్లిష్ ముక్కలతోనో హమ్ చేసి ఉంటారు. కింద సిట్యుయేషన్ రెండు ముక్కలు, 'అబ్బాయి అమ్మాయిని బస్సులో చూస్తాడు, కాలేజీ, ఫ్రెష్‌గా ఉండాలి, రేపు సాయంత్రానికి కావాలి' అని. ఇక మొదలుపెట్టాలి. ఇంటి దగ్గర ఎంత గొప్ప కవిత రాసి పెట్టుకున్నా ఇక్కడ అది కొలతలు తీసుకోకుండా కుట్టిన జాకెట్టే, ఎవరికీ పట్టదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ట్యూన్ ఇలా ఉందనుకోండి: తానన తానన తానన తా. కొత్తగా రాసే అబ్బాయి దీనికి 'కిటికీ పక్కన కూర్చుని నే' అని రాసుకొచ్చాడు. మాత్రలు, అంటే అక్షరాలు పలకడానికి పట్టే సమయం, లెక్కపెడితే సరిగ్గా సరిపోయాయి. తానన అంటే నాలుగు మాత్రలు, కిటికీ అన్నా నాలుగే. పాడించి చూస్తే మాత్రం నవ్వొస్తుంది. ట్యూన్‌లో సాగేది మొదటి అక్షరం, కిటికీలో సాగేది చివరి అక్షరం. పాడేవాడికి వేరే దారి లేక 'కీటికి పక్కన' అని పాడతాడు, వినేవాడికి అది కిటికీ అని తట్టేలోపు పాట ముందుకెళ్ళిపోతుంది. సరే అని అతనే 'బస్సులొ ముందర కూర్చుని నువ్' అని మార్చాడు. ముందు మూడు ముక్కలూ బాగా కూర్చున్నాయి. చివర 'తా' దగ్గర గొంతు కాసేపు నిలబడాలి, అక్కడ 'నువ్' అంటే నోరు మూసుకుపోయింది. అప్పుడు 'బస్సులొ ముందర కూర్చున్నా, చూపులు నీవైపే లేవా' అన్నాడు. కవిత్వంగా అదేమంత గొప్పగా లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ గొంతులో పడింది, పైగా మన సిటీ బస్సులో ఆడవాళ్ళు ముందు, మగపిల్లలు వెనక అనే సంగతి కూడా అడక్కుండానే వచ్చేసింది. గమనించారో లేదో, 'కూర్చున్నా'లో రెండు లఘువులు (ఒక్కో మాత్ర అక్షరాలు) ఉండాల్సిన చోట ఒక గురువు (రెండు మాత్రల అక్షరం) పడింది. దానికి సింగర్ సర్దుకుంటాడు. దీర్ఘం చోటు తప్పితే మాత్రం సర్దుకోలేడు.

ఇదంతా కొత్తదేం కాదు, స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష అవగానే వదిలేసిన గురులఘువులే. పద్యం రాయకపోయినా ఫర్వాలేదు, కానీ మాట వినగానే దాని బరువు ఎక్కడుందో చెవికి తెలియాలి. కీబోర్డో హార్మోనియమో కొంచెం వచ్చినా చాలు, కనీసం మూడు దెబ్బల నడక ఏదో నాలుగు దెబ్బల నడక ఏదో తొడ మీద తాళం వేసుకుని గుర్తుపట్టగలగాలి. సాధనకి గురువు దొరకలేదని ఆగిపోవద్దు. మీకిష్టమైన పాత పాట ఏదైనా తీసుకుని, సాహిత్యం పక్కనపెట్టి, అదే బాణీకి పూర్తిగా వేరే సందర్భానికి మాటలు రాయండి. ప్రేమ పాట బాణీకి నాన్న రిటైర్మెంట్ రోజు పాట రాయండి. రాసింది మీరు పాడుకోవద్దు, మీరు పాడితే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. ఫ్రెండుకి కాగితం ఇచ్చి పాడమనండి, వాడు ఎక్కడ తడబడితే అక్కడ తప్పు ఉన్నట్టు. ఇది బయటికి చూపించే పని కాదు, సాధన మాత్రమే. ఇంకొకరి బాణీ మీద మీ మాటలు పెట్టి యూట్యూబ్‌లోకి ఎక్కిస్తే కొత్త తలనొప్పులు.

చదవడం సంగతి. పాటలు రాయాలనుకునేవాళ్ళు పాటలు మాత్రమే వింటారు, అందుకే అందరి పల్లవులూ ఒకేలా ఉంటాయి. అన్నమయ్యను చదవండి, వేమన తర్వాత మానేసిన శతకాలు చదవండి, తత్వాలు, యక్షగానాలు, మీ ఊళ్ళో నాట్లేసేటప్పుడు పాడే పాటలు ఎవరైనా పెద్దావిడ దగ్గర కూర్చుని రాసుకోండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోటీ పరీక్షల పిల్లలు వందల్లో వస్తారు, సాహిత్యం బీరువాల దగ్గర మాత్రం తోపులాట ఉండదు, హాయిగా చదువుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, చెవి. ఒక్క హైదరాబాద్‌లోనే అమీర్‌పేట హాస్టల్ తెలుగు వేరు, పాతబస్తీ తెలుగు వేరు, కరీంనగర్ నుంచి వచ్చినాయన మాట వేరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీ మాట వేరు. ఈ మాటలు విననివాడు 'ఎద, సొగసు, వెన్నెల' దగ్గరే తిరుగుతుంటాడు. వెన్నెల మీద నాకు కోపమేం లేదు, కానీ దానికి కొంచెం రెస్ట్ ఇద్దాం.

తిరగరాయడం గురించి చంద్రబోస్ గారే ఇంటర్వ్యూల్లో చెప్పారు, ఆస్కార్ వచ్చిన ఆ 'నాటు నాటు' పాట తొంభై శాతం ఒక పూటలో అయిపోయిందట, మిగిలిన పది శాతానికి 19 నెలలు పట్టిందట. అంత అనుభవం ఉన్నాయనకే అలా ఉంటే, మొదటి పాటకు డైరెక్టర్ 'బాగుంది కానీ ఇంకేదో కావాలి' అన్నాడని అలిగితే ఎలా? ఆ 'ఇంకేదో' ఏమిటో ఆయనకూ తెలియదు, మీరు చూపించాకే తెలుస్తుంది. అందుకే ఒక పల్లవి పట్టుకుని సిట్టింగ్‌కి, అంటే పాట గురించి వాళ్ళతో కూర్చునే చోటికి, వెళ్ళొద్దు, ఒకదానికొకటి పోలిక లేనివి నాలుగైదు పట్టుకెళ్ళండి. మీకు బాగా నచ్చినదాన్నే వాళ్ళు తీసేస్తారు, అది మామూలే. వాదించాల్సింది భాష తప్పయిపోతున్నప్పుడు, అర్థం తిరగబడుతున్నప్పుడు. మిగతాచోట్ల వాళ్ళ సినిమా, వాళ్ళ ఇష్టం.

సినిమా సినిమా అని ఫిల్మ్‌నగర్ గేట్ల ముందు నిలబడేవాళ్ళకు కనిపించని పని చాలా ఉంది. పండగలకు చానళ్ళు, ప్రైవేట్ ఆల్బమ్ వాళ్ళు పాటలు చేయించుకుంటారు. ఎన్నికలొస్తే ఊపిరాడనంత పని, పార్టీ ఏదైనా పాట కావాల్సిందే (డబ్బు ముందే తీసుకోండి, ఓడిపోయాక ఫోన్ ఎత్తరు). తెలంగాణ జానపదం పేరుతో యూట్యూబ్‌లో వస్తున్న ప్రైవేట్ పాటల్లో రాసేవాళ్ళకు మంచి గిరాకీ ఉంది. నన్నడిగితే అన్నిటికంటే గొప్ప బడి డబ్బింగ్ పాట. తమిళంలోనో హిందీలోనో షూటింగ్ అయిపోయిన పాటకు తెలుగు రాయాలి. హీరో మొహం క్లోజప్‌లో ఉన్నప్పుడు అతని పెదాలు ఎక్కడ కలుస్తున్నాయో చూసి అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడేట్టు చూసుకోవాలి, నోరు బార్లా తెరిచినచోట ఆ, ఏ రావాలి, అర్థం చెడకూడదు, తెలుగులాగే వినిపించాలి. లాంగ్ షాట్ వస్తే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. వెన్నెలకంటి గారు అందులో ఎంత పనిచేశారో తెలిసినవాళ్ళకు తెలుసు. కొన్నాళ్ళు ఇలాంటివి రాస్తే నేరుగా ట్యూన్‌కి రాయడం చాలా తేలికనిపిస్తుంది.

ఇక మోసాలు. పాట రాయడానికి మీరు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఇది గోడ మీద రాసి పెట్టుకోండి. 'మా ఆల్బమ్‌లో చాన్స్ ఇస్తాం, రికార్డింగ్ ఖర్చు మాత్రం మీరు పెట్టుకోవాలి' అనేవాళ్ళు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లోనే దొరుకుతున్నారు. నాకు తెలిసిన ఒక పిల్లాడు పొలం మీద వచ్చిన కౌలు డబ్బు తెచ్చి ఒక ఆఫీసులో కట్టాడు. పాట వచ్చింది, అందులో రచయితగా ఇంకెవరి పేరో పడింది. కట్టినదానికి రసీదు లేదు, పాట అతనిదే అనడానికి ఒక మెసేజ్ కూడా లేదు, అంతా ఫోన్లలోనే మాట్లాడుకున్నారు. ఆ ఆఫీసు తర్వాత మూతపడింది, వాళ్ళు వేరే చోట వేరే బోర్డు పెట్టుకుని ఉంటారు. ఇంకో రకం, పెద్ద రచయిత దగ్గర అసిస్టెంటుగా రాయడం. దాన్ని నేను తప్పు అనను, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. కానీ ఎంతకాలం, జీతమెంత, పేరు ఎప్పుడు వేస్తారు అనేది మొదటి రోజే అడగాలి, సిగ్గుపడితే ఏళ్ళు గడిచిపోతాయి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ పనిలో మీరు చాలా తక్కువమంది ఉన్నారు, కాబట్టి అర్ధరాత్రి సిట్టింగులే రివాజు అయిపోయాయి. పగలు పెట్టమని అడగండి, స్టూడియోలోనో ఆఫీసులోనో పెట్టమనండి, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి. అలా అడిగితే పని పోతుందనుకుంటే, అలా పోయే పని పోవడమే మంచిదమ్మా. ట్యూన్‌కి మాటలు ఇంటి నుంచి కూడా రాయొచ్చు, ఇప్పుడు ఎక్కువమంది అలాగే రాస్తున్నారు.

కాగితాల సంగతికొస్తాను. మన రచయితలకు ఇదంటే బద్ధకం, ప్రాస మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీని మీద పెట్టరు. మీరు రాసిన క్షణమే దాని కాపీరైట్ మీదవుతుంది, రిజిస్టర్ చేయిస్తేనే హక్కు వస్తుందన్నది అపోహ. చేయిస్తే మాత్రం రేపు గొడవొచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. అది కూడా ఎందుకనుకుంటే కనీసం, రాసిన సాహిత్యాన్ని వాట్సాప్ వాయిస్‌లో చదివి వినిపించడం మానేసి, పీడీఎఫ్ చేసి తేదీతో మెయిల్ పంపండి, 'అందింది' అని తిరుగు జవాబు రప్పించుకోండి. ఆ ఒక్క మెయిల్ విలువ గొడవొచ్చిన రోజు తెలుస్తుంది.

హక్కులు ఇంకొకరికి ఇవ్వడం నోటి మాటతో కుదరదు, రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. అగ్రిమెంట్‌లో ఎన్నేళ్ళకు ఇస్తున్నారో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కేస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఈ సంగతి వాళ్ళ లాయర్లకు బాగా తెలుసు, అందుకే 'పర్పెచువల్' (శాశ్వతంగా), 'వరల్డ్‌వైడ్' (ప్రపంచమంతటా) అని ముందే టైపు చేయించి తెస్తారు. సంతకం పెట్టొద్దని నేననడం లేదు, కొత్తలో బేరమాడే బలం మనకుండదు. కానీ పెట్టేముందు చదవండి, ఒక కాపీ తీసుకోండి. కాపీ తర్వాత ఇస్తాం అంటే సంతకమూ తర్వాతే పెడతాననండి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ వచ్చింది. దాని ప్రకారం మీరు హక్కులు నిర్మాతకు రాసిచ్చినా సరే, థియేటర్లో సినిమాతో కలిసి ఆడటం కాకుండా ఇంకెక్కడ ఆ పాట వాడుకున్నా, అంటే రేడియో, టీవీ, పాటల యాప్‌లు, హోటళ్ళు, ఈవెంట్లు, అందులో రాసినవాళ్ళకు, హక్కులు తీసుకున్నవాళ్ళతో సమాన ప్రాతిపదికన రాయల్టీ రావాలి. ఆ రాయల్టీ వదులుకుంటున్నానని మీచేత రాయించుకున్నా అది చెల్లదు. సినిమాకే కాదు, ప్రైవేట్ ఆల్బమ్ పాటకు కూడా ఈ రక్షణ ఉంది. 'లంప్‌సమ్‌గా మొత్తం ఒకేసారి ఇచ్చేశాం కదా, ఇంక నీకేం సంబంధం' అనేవాళ్ళకు ఇదే జవాబు. గొంతు పెంచక్కర్లేదు, నెమ్మదిగానే చెప్పండి.

ఈ డబ్బు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), ముంబైలో ఉంది, 1969 నుంచి నడుస్తోంది. మీ పాట ఒకటి విడుదలైందంటే సభ్యత్వానికి ఆన్‌లైన్‌లో అప్లై చేయండి, పాన్ కార్డు, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకోండి. మెంబర్ అయినంత మాత్రాన డబ్బు రాదు, ప్రతి పాటా మీ పేరుతో నమోదై ఉండాలి. పాట పేరు ఒక అక్షరం తేడాగా పడ్డా, రచయిత చోట మ్యూజిక్ డైరెక్టర్ పేరు పడ్డా మీ డబ్బు మీ దాకా రాదు, కూర్చుని చూసుకోవాల్సింది మీరే. మొదట్లో వచ్చేది చూస్తే నవ్వొస్తుంది, టీ ఖర్చులకు కూడా చాలదు. కానీ పాట మీద హక్కు మీరున్నన్నాళ్ళు, మీ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. ఏ ఇరవై ఏళ్ళకో ఎవరో మీ పాటను రీల్స్‌లో వాడి లేపితే మీ పిల్లలకు పనికొస్తుంది. పేమెంట్ ఇచ్చేటప్పుడు పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్ చేశామంటారు, అది నిజంగా మీ పాన్ మీద కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో చూసుకోండి. రిటర్న్ వేస్తే చాలామందికి ఆ డబ్బు వెనక్కి వస్తుంది, వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ఉద్యోగం మానేసి రావాలా అని అడుగుతారు. వద్దు. సి. నారాయణరెడ్డి గారు ఉస్మానియాలో పాఠాలు చెబుతూనే సినిమా పాటలు రాశారు. సీతారామశాస్త్రి గారు సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేశారు. వేటూరి గారు ఈ ఎడిటర్ గారిలాగే పత్రికల్లో పనిచేసినవారు. అద్దె కట్టే టెన్షన్‌తో రాసిన పాట కంటే, నెల జీతం వచ్చాక రాసిన పాట ఎందుకో బాగా వస్తుంది, కడుపు కాలితేనే కళ వస్తుందనే మాట నేను నమ్మను. ఊళ్ళోనే ఉండి, ఆన్‌లైన్‌లో పనిచేసే కొత్త మ్యూజిక్ డైరెక్టర్లతో మొదలుపెట్టండి. షార్ట్ ఫిల్మ్ తీసే మీ వయసువాళ్ళే రేపటి డైరెక్టర్లు. వాళ్ళకు ఫ్రీగా రాయొచ్చు, ఒకటో రెండో, అది కూడా పేరు వేస్తామంటేనే. హైదరాబాద్ వచ్చినప్పుడు మాత్రం ఫోన్‌లో నాలుగు మంచి పాటలు రికార్డు చేసి పెట్టుకుని రండి, కాగితాలు కాదు. వినడానికి రెండు నిమిషాలు ఇస్తారు, చదవడానికి ఎవరూ ఇవ్వరు.

చివరగా ఎడిటర్ గారూ, మీకే ఒక విన్నపం. మీ సినిమా పేజీలో ఒక పాట విడుదలైందని వార్త వేస్తారు. అందులో హీరో ఉంటాడు, హీరోయిన్ ఉంటుంది, సంగీతం ఎవరో, పాడింది ఎవరో, ఒక్కోసారి కొరియోగ్రాఫర్ పేరు, లొకేషన్ కూడా ఉంటాయి. రాసినవాళ్ళ పేరు ఉండదు, పైగా ఆ వార్తకు హెడ్డింగ్ మాత్రం ఆ పాట పల్లవే పెడతారు. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు మాత్రం రచయితకు చట్టం ఉంచింది. మీ సబ్ ఎడిటర్లకు చెప్పి, పాట గురించి వేసే ప్రతి వార్తలో 'రచన' అని ఒక పేరు వేయించండి, ప్రెస్ నోట్‌లో లేకపోతే ఫోన్ చేసి అడగమనండి. వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక పాటల రచయిత,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్.